మగవాళ్లను విడిగా కూర్చోబెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,
రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ సభ్య కార్యదర్శి గారికి,

నమస్కారం.

గృహహింస కేసుల్లో మొగుళ్లకు మనం ఇస్తున్న కౌన్సెలింగ్ గురించి ఈ ఉత్తరం. ఒక కుటుంబ సలహా కేంద్రంలో కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. ఆ ఊరి పేరు, కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడికి వచ్చిన ఆడవాళ్ల ఆచూకీ ఎవరికీ తెలియకూడదు. పైగా నేను చెప్పబోయేది ఆ ఒక్క కేంద్రంలో జరిగే సంగతేమీ కాదు.

అడిగేది ముందే చెప్పేస్తాను. భార్యను కొట్టిన మనిషితో చేయాల్సిన పనిని, ఆ భార్యను పక్క కుర్చీలో కూర్చోబెట్టి చేయకండి. అతన్ని విడిగా పిలవండి. అలాంటి వాళ్లనే మరో ఎనిమిది, పది మందిని జతచేసి, వారానికి ఒకసారి రెండు గంటలు, కనీసం ఆరు నెలలు కూర్చోబెట్టండి. అతను మారాడో లేదో అతని భార్యను అడిగి తెలుసుకోండి, అది కూడా అతనికి తెలియకుండా. ఇంతే. కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టం చాలు, ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇప్పుడు జరిగేది మీకు తెలియంది కాదు. కాకపోతే ఫైలు మీదికి వచ్చేసరికి అది "ఇరుపక్షాలకూ కౌన్సెలింగ్ ఇవ్వడమైనది" అనే ఒక్క వాక్యమవుతుంది. ఆ వాక్యం వెనక గది ఎలా ఉంటుందో చూడండి. బల్లకు ఇటువైపు మేం. అటువైపు అమ్మాయి, ఆమె తల్లి, ఒక మేనమామ. వాళ్లకు ఎదురుగా అబ్బాయి, అతని తల్లి, అన్న, వీళ్లందరికీ పెద్దమనిషిగా వచ్చిన వార్డు నాయకుడు ఒకాయన. బయట ఇంకో మూడు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. మా దగ్గరున్నది ముప్పావు గంట.

అబ్బాయిని అడుగుతాం, "ఎందుకయ్యా కొడుతున్నావ్?" అని. చాలా తప్పు ప్రశ్న. ఎందుకని అడిగితే కారణాలు చెబుతాడు. "ఊకె కొడ్తనా మేడం? నోరు చూడుండ్రి దానిది." "నేను ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మతోటి ఫోన్ల ఉంటది." "తాగినంక ఏం చేస్తనో నాకే తెల్వది." అత్తగారు అందుకుంటుంది, "ఏ ఇంట్ల లేదు బిడ్డా?" అని. అక్కడి నుంచి చర్చంతా అమ్మాయి ఫోన్ మీద, నోటి మీద, వంట మీద, పుట్టింటి మీద నడుస్తుంది. పది నిమిషాల్లో విచారణకు నిలబడింది ఎవరో మారిపోతారు. చివరికి తెల్లకాగితం మీద అతను "ఇకపై కొట్టను" అని రాసిస్తే, ఆమె "అత్తమామలతో సఖ్యంగా ఉంటాను, చెప్పకుండా పుట్టింటికి వెళ్లను" అని రాసిస్తుంది. ఒక పన్ను ఊడిన వైపు నుంచి ఒక హామీ, పన్ను ఊడగొట్టిన వైపు నుంచి ఒక హామీ.

ఆ ముప్పావు గంట ఆమె ఏం మాట్లాడుతుందో ఎప్పుడైనా గమనించారా? చాలామంది ఏమీ మాట్లాడరు. మాట్లాడినా సగమే. ఇక్కడ అన్న ప్రతి మాటకూ రాత్రికి లెక్క అప్పజెప్పాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. ఇద్దరూ ఒకే ఆటోలో ఇంటికి వెళతారు. "పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్" అన్న మాట ఆ ఆటో దిగకముందే మొదలవుతుంది. మర్నాడు కేంద్రం నుంచి ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అని అడిగితే "బాగున్న మేడం" అంటుంది, ఫోన్ స్పీకర్‌లో ఉంటుంది కాబట్టి.

మా నెలవారీ నివేదికలో "రాజీ కుదిరినవి" అని ఒక గడి ఉండేది. ఎంత పెద్ద అంకె పడితే అంత బాగా పనిచేసినట్టు. రాజీ కుదిరాక మళ్లీ దెబ్బలు తిన్న ఆమె సాధారణంగా మళ్లీ మా దగ్గరికి రాదు. వచ్చి ఏం లాభమని. ఆ రాకపోవడం కూడా రాజీ లెక్కలోనే కలిసిపోతుంది.

ఇది చట్టం చెప్పిన పద్ధతి కూడా కాదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 14వ సెక్షన్ చదవండి. కౌన్సెలింగ్‌కు మేజిస్ట్రేటు ఇద్దరినీ కలిపి గానీ, విడివిడిగా గానీ పంపవచ్చని ఉంది. విడిగా పంపవచ్చన్నది మనం ఎన్నడూ వాడని సగం. ఇక 2006 నిబంధనల్లో 14వది నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారానికి ప్రాణం. కౌన్సెలింగ్ లక్ష్యం హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడం అంటుంది. తాను చేసిన హింసకు ప్రతివాది ఏ సమర్థనా చెప్పుకోవడానికి వీల్లేదంటుంది. ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజేయాలని కూడా అంటుంది. అంటే "నోరు చూడుండ్రి దానిది" అన్న మాట నోటి నుంచి రాగానే, బాబూ అది ఇక్కడ చెల్లదు అనాలన్నమాట. చట్టం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 26న. ఇన్నేళ్లలో ఆ మాట చెప్పి మొదలుపెట్టిన కౌన్సెలింగ్ ఒక్కటి కూడా నేను చూడలేదు.

సమస్య ఎంతదో అంకెల్లో ఒక్కసారి చూసి ముందుకు వెళ్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింసకు గురైనవాళ్లు దేశంలో నూటికి 29 మంది అయితే తెలంగాణలో దాదాపు 37 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. మొగుడు పెళ్లాన్ని కొట్టడానికి ఏదో ఒక కారణం సరైందేనని ఒప్పుకున్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైనే. ఈ అంకె బయటికి వచ్చినప్పుడు అందరూ ఆడవాళ్లను తిట్టారు, వీళ్లే ఇలా అంటే ఇంకేం చేస్తామని. నాకైతే అది మన కౌన్సెలింగ్ గదిలో నేర్పిన పాఠంలాగే కనిపించింది. అదే సర్వేలో, దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవాళ్లలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, సాయం అడగలేదు. మన తలుపు దాకా వస్తున్నది మిగిలిన ఆ కొద్దిమందే. ఆ కొద్దిమందినైనా వెనక్కి తిప్పి పంపకుండా ఉండాలి కదా.

సరే, మొదట్లో నేను అడిగిన ఆ మగవాళ్ల గ్రూపు సంగతికి వస్తాను. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో బోస్టన్‌లో 1977లో ఎమర్జ్ అనే సంస్థ మొదటిసారి ఇలాంటి మగవాళ్లతో గ్రూపులు నడిపింది. 1981లో మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే చిన్న నగరంలో ఎలెన్ పెన్స్, మైఖేల్ పేమార్ తదితరులు పోలీసులను, కోర్టును, ఆడవాళ్ల ఆశ్రయ కేంద్రాన్ని ఒక తాటి మీదికి తెచ్చి, ఆ ఏర్పాటులో ఒక భాగంగా మగవాళ్ల గ్రూపును పెట్టారు. దెబ్బలు తిన్న ఆడవాళ్లు చెప్పిన అనుభవాల నుంచే ఒక చక్రం బొమ్మ గీశారు. మధ్యలో అధికారం, అదుపు. చుట్టూ బెదిరింపు, అవమానించడం, నలుగురిలో కలవనివ్వకపోవడం, డబ్బు తన చేతిలో పెట్టుకోవడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, చేసిందాన్ని చిన్నది చేసి చెప్పడం, ఇలా ఎనిమిది భాగాలు. దెబ్బ అన్నది అంచు మీద ఉంటుంది. రోజూ పనిచేసేది లోపలున్న ఆ ఎనిమిదే. దెబ్బ ఏడాదికి రెండుసార్లు పడితే చాలు, మిగతా రోజుల్లో కళ్లెర్ర చేస్తే సరిపోతుంది.

గ్రూపులో ఏం చేస్తారు? ఉపన్యాసం ఇవ్వరు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే కౌన్సెలర్ మాట్లాడటం, అతను తలూపడం. అక్కడ మాట్లాడాల్సింది అతనే. ఈ వారం, లేదా అంతకుముందు, తాను చేసిన ఒక పని తీసుకుని కాగితం మీద రాయాలి. ఏం చేశాను? ఏం సాధించాలని చేశాను? అలా చేసే హక్కు నాకుందని ఏ నమ్మకంతో చేశాను? తర్వాత దాన్ని ఎలా తక్కువ చేసి చెప్పుకున్నాను? ఆమె మీద, పిల్లల మీద దాని ప్రభావం ఏమిటి? దానికి బదులు ఏం చేసి ఉండవచ్చు? రాసింది అందరి ముందు చదవాలి. మొదటివారం ప్రతి ఒక్కడూ రాసేది "చెయ్యి లేసింది" అనే. చెయ్యి దానంతట అదే లేవదు కదన్నా, నువ్వు లేపితే లేచింది, అట్లనే రాయి, అని అనాల్సింది కౌన్సెలర్ కాదు. నాలుగు నెలలుగా వస్తున్న పక్క కుర్చీ మనిషి. అందుకే గ్రూపులో పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి ఉండటం మంచిది. మేడం చెబితే వినని మాట ఆటో స్టాండ్‌లో తోటివాడు చెబితే దిగుతుంది. ఇన్నాళ్లూ అతనికి "మంచి పని చేసినవ్, లేకుంటే నెత్తికెక్కుతది" అన్నది కూడా తోటి మగవాళ్లే. ఆ మాట తిరగబడాలంటే ఆ నోళ్ల నుంచే తిరగబడాలి.

"కోపం వస్తే నేను మనిషిని కాను" అన్నది మన దగ్గర అందరూ నమ్మే వాదన, కొట్టించుకున్నవాళ్లతో సహా. దీనికి గ్రూపుల్లో అడిగే చిన్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ కోపంలో ఏ వస్తువు పగలగొట్టావు? ఎవరిది? ఆమె ఫోన్ పగులుతుంది, అతనిది పగలదు. ఎక్కడ కొట్టావు? రవిక కింద కనిపించని చోట. తలుపు వేశావా? వేశాను. పొద్దున ఓనర్ బండబూతులు తిట్టినప్పుడు కోపం రాలేదా? వచ్చింది. కొట్టావా? ఇక్కడ గది కాసేపు నిశ్శబ్దమవుతుంది. మనిషిని కాని మనిషి తలుపు గడియ పెట్టడం ఎలా గుర్తుపెట్టుకున్నాడన్న ప్రశ్న అతను తనను తాను వేసుకునేదాకా పని మొదలైనట్టు కాదు. అందుకే కోపం తగ్గించుకునే శిక్షణ, ధ్యానం, యోగా ఈ సమస్యకు మందులు కావని నా అభిప్రాయం. అతనికి కోపం మీద అదుపు ఎప్పుడూ ఉంది. ఎవరి ముందు వదలాలో కూడా బాగా తెలుసు.

తాగుడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చే ప్రతి ఫైల్లోనూ అదే కారణంగా రాసి ఉంటుంది. తాగుడుకూ హింసకూ సంబంధం లేదని ఎవరూ అనరు. దూబగుంట ఆడవాళ్లు 1991-92లో సారా మీద తిరగబడింది ఊరికే కాదు. కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో కూడా, మొగుడు తరచూ తప్పతాగే ఇళ్లలో హింస చూసిన ఆడవాళ్లు నూటికి 70 మంది. కానీ ఆ పక్క గడి కూడా చదవండి. అసలు తాగని మొగుళ్ల ఇళ్లలో నూటికి 23 మంది. వీళ్లకు మనం ఏ డీ అడిక్షన్ కేంద్రం చూపిస్తాం? తాగేవాడికి తాగుడు చికిత్సా కావాలి, గ్రూపూ కావాలి. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే జరిగిపోదు. తాగి గ్రూపుకు వచ్చినవాణ్ణి ఆ రోజుకు వెనక్కి పంపి, గైర్హాజరు వేయాలి.

తాగుడు మాట వచ్చింది కాబట్టి గోషామహల్ గుర్తుచేస్తాను. హైదరాబాద్‌లో తాగి బండి నడుపుతూ దొరికితే కోర్టుకు వెళ్లే ముందు అక్కడి ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని. ఆడపిల్లల వెంటపడి దొరికినవాళ్లకు 2014లో షీ టీమ్స్ వచ్చినప్పటి నుంచీ కౌన్సెలింగ్ ఉంది. అంటే తప్పు చేసిన మగవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం ఈ ప్రభుత్వానికి చేతకాని పని కాదు. రోడ్డు మీద తప్పు చేస్తే ఉన్న ఏర్పాటు, ఇంట్లో తప్పు చేస్తే లేదు. అంతే తేడా.

ఇంకో తేడా మన తెలుగు కుటుంబాలకు బాగా అర్థమయ్యేది. ఇద్దరు అన్నదమ్ములు అనుకోండి. పెద్దవాడు కాలిఫోర్నియాలో ఉద్యోగం, చిన్నవాడు ఉప్పల్‌లో. ఇద్దరూ భార్యల మీద చెయ్యి చేసుకున్నారు. పెద్దవాడికి శిక్షగా ప్రొబేషన్ (జైలుకు బదులు షరతుల మీద బయట వదలడం) పడితే, అక్కడి చట్టం ప్రకారం ఏడాదిపాటు, వారానికి రెండు గంటలు ఇలాంటి గ్రూపుకు వెళ్లాల్సిందే. ఫీజు కూడా తన స్తోమతను బట్టి తనే కట్టుకోవాలి. చిన్నవాడు స్టేషన్‌లో తెల్లకాగితం మీద సంతకం పెట్టి, పెద్దమనుషులకు టీ తాగించి ఇంటికి వస్తాడు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో అదే నేర్చుకున్నవాళ్లు ఇద్దరూ.

ఇంత చెప్పాక, ఈ గ్రూపులు మంత్రదండాలని మీకు అమ్మజూపితే అది మోసం. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో 404 మంది శిక్షపడిన మగవాళ్లను చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, ఒక భాగాన్ని 26 వారాల గ్రూపుకు పంపారు, రెండో భాగానికి ప్రొబేషన్ మాత్రమే. ఏడాది తర్వాత చూస్తే రెండు భాగాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడ తేలిన ఇంకో సంగతి, ఉద్యోగం లాంటివి పోగొట్టుకోవడానికి ఉన్నవాళ్లు మళ్లీ తప్పు చేయడం తక్కువ. మరోవైపు బ్రిటన్‌లో 2015లో వెలువడిన మిరబల్ అధ్యయనంలో, గ్రూపులకు వెళ్లిన మగవాళ్ల భార్యలను, సహచరులను అడిగారు. మొదలుకు ముందు గాయాలపాలైనవాళ్లు నూటికి 61 మంది, 12 నెలల తర్వాత ఇద్దరు. అయితే అవి కోర్టు మెడపట్టి పంపినవాళ్ల గ్రూపులు కావు. దెబ్బలు తగ్గినంతగా అదుపు చేసే బుద్ధి తగ్గలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. తమకు గ్రూపుకు వెళ్లని మగవాళ్ల భార్యలతో సరిగా పోల్చి చూసే వీలు చిక్కలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఇది. గదీ కుర్చీలూ ఎవరినీ మార్చవు. గ్రూపు ఎగ్గొడితే వారంలోగా ఎవరో ఒకరు అడగాలి, అడిగేవాళ్ల వెనక కోర్టు ఉండాలి. పిట్స్‌బర్గ్‌లో కోర్టు నెల తిరగకుండా పిలిచి, చేరావా లేదా అని చూడటం మొదలుపెట్టాక, అసలు చేరకుండా తప్పించుకునేవాళ్లు బాగా తగ్గారు. మన కోర్టుల్లో వాయిదాల సంగతి తెలిసిందే. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉన్న కేసులు ఏళ్లకు ఏళ్లు నడుస్తున్నాయి. అందుకే సభ్య కార్యదర్శి గారిని కూడా ఈ ఉత్తరంలోకి లాగాను.

దారి ఉంది. 14వ సెక్షన్ కింద కౌన్సెలింగ్‌కు పంపితే రెండు నెలల్లోపు తదుపరి వాయిదా పెట్టాలి. ఆరునెలల గ్రూపు అందులో ఇమడదు. ఇమడనవసరం లేదు. ఆమె రక్షణకు అవసరమని తోచిన అదనపు షరతులు పెట్టే అధికారం 19వ సెక్షన్ రెండో ఉపవిభాగంలో మేజిస్ట్రేటుకు ఉంది. రక్షణ ఉత్తర్వుతో పాటు, వారంవారం గ్రూపుకు హాజరుకావాలన్న షరతు అక్కడ పెట్టవచ్చు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ ఏడాది వరకూ జైలు, 20 వేల దాకా జరిమానా అంటోంది. ఇక భార్యను హింసించడంపై ఉన్న పాత 498ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, కింద నేరం రుజువై ప్రొబేషన్ మీద వదిలే సందర్భాల్లో 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఎలాగూ షరతులకు చోటిస్తుంది. మేజిస్ట్రేట్లకు ఇది గుర్తుచేయాల్సింది సభ్య కార్యదర్శి గారు. షరతు రాయాలంటే పంపడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటు చూపాల్సింది కమిషనర్ గారు.

కేసు ఆగకూడదు. గ్రూపుకు వస్తున్నాడు కదా, ఫిర్యాదు వెనక్కి తీసుకో అని ఆమె మీద ఒత్తిడి తెచ్చిన రోజున ఈ పథకం చచ్చినట్టే. అలాగే, దయచేసి, సర్టిఫికెట్ ఇవ్వకండి. మనవాళ్లకు సర్టిఫికెట్ పిచ్చి. "శిక్షణ పూర్తిచేశాడు, మారాడు" అని ప్రభుత్వ ముద్రతో ఒక కాగితం చేతికొస్తే, అది మర్నాడే పిల్లల కస్టడీ కేసులో దాఖలవుతుంది, పుట్టింటి గడప మీద పెద్దమనుషుల చేతిలో కనిపిస్తుంది. ఎన్ని వారాలు వచ్చాడు, ఎన్ని రాలేదు, ఇది మాత్రమే కోర్టుకు వెళ్లాలి. మారాడన్న మాట అనే అధికారం మనకెవరికీ లేదు.

ఎవరు నడపాలి? ఒక మగ, ఒక ఆడ కలిసి నడపడం చాలాచోట్ల పద్ధతి. ఒక ఆడ మనిషి మాటను మగ కౌన్సెలర్ ఎలా వింటున్నాడో, అడ్డు తగలకుండా ఎలా ఉంటున్నాడో చూడటం కూడా వాళ్లకు పాఠమే. మన నిబంధనలు కౌన్సెలర్లు వీలైనంతవరకూ మహిళలే ఉండాలంటున్నాయి, మంచిదే. దానికి తోడు మగవాళ్లు కావాలి. దొరకరని అనకండి. ముంబైలో 1991లో పత్రికలో ఒక ప్రకటన చూసి ముందుకొచ్చిన మగవాళ్లే 1993లో మావా అనే సంస్థ పెట్టుకుని హింసకు వ్యతిరేకంగా ఇప్పటికీ పనిచేస్తున్నారు. మన విశ్వవిద్యాలయాల నుంచి ఏటా సోషల్ వర్క్ చదివిన కుర్రాళ్లు బయటికి వస్తున్నారు. కానీ శిక్షణ లేకుండా ఎవరినీ ఆ గదిలోకి పంపకండి. ఎందుకంటే ఈ గ్రూపు చెడిపోవడం చాలా తేలిక. పదిమంది మగవాళ్లు చేరితే, పట్టించుకోకపోతే రెండో వారానికల్లా అది ఆడవాళ్ల చట్టాలను తిట్టుకునే కచేరీ అవుతుంది, మూడో వారానికి ఒకడికి తెలియని కిటుకులు ఇంకొకడు నేర్పుతాడు. పంచాయితీలు చేసి పేరు తెచ్చుకున్న రిటైర్డ్ ఉద్యోగులను, లోకల్ నాయకులను కౌన్సెలర్లుగా వేయవద్దని వేడుకుంటున్నాను. వాళ్లకు కాపురాలు అతికించడం అలవాటు. ఇక్కడ అది పనికిరాదు.

చట్టాలు దుర్వినియోగమవుతున్నాయని బాధపడే మగవాళ్లకు ఒక మాట. ఇది జైలు కాదు, మీకు ఇష్టమైతే ఏ కేసూ లేకుండా కూడా వచ్చి కూర్చోవచ్చు. రమ్మనే చెబుతున్నాను.

వేళలు ముఖ్యం. పగటిపూట పెడితే అడ్డా కూలీకి కూలి పోతుంది, ఆ పోయిన కూలి బాకీ ఇంట్లో ఆమె మీదే పడుతుంది. ఆదివారం పొద్దున గానీ, సాయంత్రం ఏడు తర్వాత గానీ పెట్టాలి. స్టేషన్‌లో వద్దు, సఖి కేంద్రంలో అసలే వద్దు. ఆడవాళ్లు తలదాచుకునే చోటికి ఈ మగవాళ్లను రప్పించడం కన్నా అవివేకం లేదు. ఏ ప్రభుత్వ పాఠశాల గదో, కమ్యూనిటీ హాలో చాలు. చదువు రానివాళ్లు రాయలేరు కదా అంటారు. చెప్పించండి, ఇంకొకరు రాస్తారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను, ఆటో డ్రైవర్లను వేరు చేయనవసరం లేదు. పక్కపక్కన కూర్చుంటే, సాకులు రెండిళ్లలోనూ ఒకటేనని వాళ్లకే తెలుస్తుంది.

ఇక చివరి విషయం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మగవాడు గ్రూపులో చేరిన రోజు నుంచీ భార్యకు ప్రమాదం తగ్గుతుందని అనుకోవద్దు, పెరగవచ్చు కూడా. అతను వెళుతున్నాడు కదా అన్న ఆశతో ఆమె పుట్టింటి నుంచి తిరిగి వస్తుంది. అందుకే ప్రతి గ్రూపుకూ ఒక మహిళా కార్యకర్త ఉండాలి, ఆమె పని గ్రూపు నడపడం కాదు. వచ్చే ప్రతి మగవాడి భార్యతో, ఆమె ఒప్పుకుంటేనే, ఆమె చెప్పిన వేళకు, ఆమె చెప్పిన చోట మాట్లాడటం. గ్రూపులో ఏం నేర్పుతారో, ఏం ఆశించకూడదో ముందే చెప్పడం. అతను మానేసినా, అక్కడ ఏదైనా బెదిరింపు మాట అన్నా అదే రోజు ఆమెకు తెలియజేయడం. అతను మొదట్లోనే ఇందుకు ఒప్పుకుని సంతకం చేయాలి, గ్రూపులో చెప్పిన ఏ బెదిరింపూ రహస్యంగా ఉండదని. ఆమె చెప్పినవి మాత్రం ఒక్క ముక్క కూడా గ్రూపులోకి పోకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఎలా ఫోన్ చేయాలో, గృహహింస కేసులు చూసే డీవీ సెల్‌కు ఎలా వెళ్లాలో, వదిలేయాలనుకుంటే ఎక్కడ ఉండవచ్చో చెప్పేది కూడా ఆ కార్యకర్తే. ఆమె వదిలి వెళ్లిపోవడం కార్యక్రమం విఫలమైనట్టుగా ఏ నివేదికలోనూ రాయకూడదు.

హైదరాబాద్‌లో ఒకటి, వరంగల్‌లో ఒకటి, ఒక గ్రామీణ జిల్లాలో ఒకటి, మొదటి ఏడాదికి ఈ మూడు చాలు. నివేదికలో రాజీల గడి తీసేసి, "భార్యతో మాట్లాడిన తేదీ, ఆమె చెప్పింది" అని గడి పెట్టండి. బడ్జెట్‌లో ఏదైనా కోయాల్సి వస్తే గది అద్దె కోయండి, టీ బిస్కెట్లు కోయండి, కావాలంటే గ్రూపులు మూడు నుంచి ఒకటికి తగ్గించండి. ఆ మహిళా కార్యకర్త జీతం మాత్రం కోయకండి. ఆ పోస్టు మంజూరు కాకపోతే, ఇంతదాకా నేను అడిగినదంతా పక్కనపెట్టి, గ్రూపు అసలు మొదలుపెట్టకండి.

ఇట్లు,
ఒక మాజీ కౌన్సెలర్